చేత్తో చేసిన వేట కత్తి: కొనేవాళ్ల అభిరుచిని తూచి అమ్మడం

మంచి కత్తి చేయగలిగినవాళ్లు కూడా అమ్మకం దగ్గర తడబడతారు. లోపం ధరలోనో ఫొటోలోనో ఉందనుకుంటారు కానీ చాలాసార్లు అది ఆర్డరు మాట్లాడుకున్న మొదటి అరగంటలోనే జరిగిపోయి ఉంటుంది. మీకెలాంటి కత్తి ఇష్టమని అడిగితే ఎవరైనా తాము చూసిన ఫొటోలన్నీ కలిపి చెబుతారు: మందమైన వీపు (అంచుకు ఎదురువైపు), దాని మీద రంపప్పళ్లు, డమాస్కస్ గీతలు (రెండు రకాల ఉక్కు పొరలు కలిపితే వచ్చేవి), పిడికి వేళ్ల గుంటలు. ఆ కత్తితో ఏం చేస్తారని అడిగితే అదే మనిషి వేరే కత్తిని వర్ణిస్తాడు. బ్లేడు కొలతలు, ఉక్కు, అంచు ఈ రెండో జవాబును బట్టి తేల్చాలి. మొదటి జవాబు పిడి రంగుకు, పాలిష్‌కు, ఒర మీది పనికి పనికొస్తుంది.

ఎవరు కొంటున్నారు

వేటలో వాడేవాడు కత్తిని చేతిలోకి తీసుకోగానే పట్టు సరిచూస్తాడు, తర్వాత ఒరలోంచి తీసి పెడతాడు, ఆ తర్వాతే బ్లేడు చూస్తాడు. సేకరించేవాడి చూపు అతుకుల మీద ఉంటుంది. గార్డుకూ (వేళ్లు అంచు మీదికి జారకుండా పిడి ముందుండే ముక్క) బ్లేడుకూ మధ్య వెలుతురు కనిపిస్తోందా, వాలు (బ్లేడు అంచువైపు సన్నబడే భాగం) మొదలయ్యే గీతలు రెండు వైపులా ఒకే చోట ఉన్నాయా, పాలిష్ గీతల మధ్య అడ్డగీత ఏదైనా మిగిలిందా అని వెతుకుతాడు. అతనికి 600 గ్రిట్ దాకా (అంకె పెరిగేకొద్దీ నునుపు) చేత్తో రుద్దిన బ్లేడు కావాలి. వాడేవాడికి 400 చాలు, ఎందుకంటే మొదటి వేటలోనే దాని మీద గీతలు పడతాయి. బహుమతిగా ఇవ్వడానికి కొనేవాడికి తన అభిరుచితో పని లేదు కాబట్టి అతణ్ణి పుచ్చుకునేవాడి గురించే అడగండి: చేయి చిన్నదా పెద్దదా, ఎడమ చేతివాటమా, ఇప్పుడు ఏ కత్తి వాడుతున్నాడు. తెలియదంటే మధ్యస్థ కొలతలకే కట్టుబడండి. పేరో పొడి అక్షరాలో చెక్కమంటే బ్లేడు మీద వద్దని చెప్పి ఒర మీద చెక్కండి. ఆ మనిషి ఆర్డరు రద్దు చేసినా, కత్తి తిరిగొచ్చినా, ఒర మార్చి ఇంకొకరికి అమ్ముకోవచ్చు.

అడగాల్సిన ప్రశ్నలు

అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: మీ పాత కత్తిలో ఏది నచ్చలేదు? నచ్చినవి అడిగితే మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు. నచ్చనిది మాత్రం అనుభవంలోంచి వస్తుంది. "పదును త్వరగా పోతోంది" అంటే ఉక్కు, హీట్ ట్రీట్‌మెంట్ (ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరచడం) సంగతి. "ఎంత సాన పట్టినా కోయడం లేదు" అంటే ఎక్కువ సార్లు అంచు వెనక మందం (పదునుకు ఆనుకుని పైనున్న ఉక్కు మందం) సంగతి, ఉక్కుతో సంబంధం లేదు. "చేయి జారుతోంది" అంటే పిడి నునుపు, ఆకారం. "పొదలో తగిలి ఒరలోంచి జారిపోయింది" అంటే కొత్త కత్తికి పట్టీ బొత్తామున్న ఒరో, లోతైన ఒరో కావాలి.

తర్వాత ఇవి అడగండి. ఏ పరిమాణం జంతువులు? కడుపు చీల్చి తోలు ఒలవడం వరకేనా, కీళ్లు విడదీయడం కూడానా? సాన ఎవరు పడతారు, దేని మీద? వాడిన కత్తిని అదే రోజు కడిగి తుడుస్తారా, ఒరలో అలాగే పెడతారా? చలిలో చేతి తొడుగులతో పట్టుకుంటారా? నడుముకు ఏ వైపు కడతారు, నిలువుగానా అడ్డంగానా? ఎక్కువగా నడుస్తారా, వాహనంలో కూర్చుంటారా? కూర్చునేవాళ్లకు పొడవాటి నిలువు ఒర పొట్టలో గుచ్చుకుంటుంది. ఒరను కాస్త కిందికి వేలాడేలా కుట్టాలి, లేదా అడ్డంగా పెట్టుకునేలా చేయాలి.

చేతి కొలత తప్పనిసరి. బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్ల కణుపుల మీదుగా అరచేతి వెడల్పు కొలవమనండి. పిడి పట్టు పొడవు దానికన్నా 15 నుంచి 20 మి.మీ. ఎక్కువ ఉండాలి. అరచేయి 85 మి.మీ. ఉంటే 100 నుంచి 105 మి.మీ. పిడి సరిపోతుంది. మందం 20 నుంచి 23 మి.మీ., తొడుగులు వేసుకునేవాళ్లకు ఇంకో 2 మి.మీ. దూరంగా ఉన్నవాళ్లను కాగితం మీద చేయి పరిచి గీత గీసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపమనండి. ఎదురుగా వచ్చేవాళ్ల కోసం చవక చెక్కతో మూడు సైజుల నమూనా పిడులు చేసి ఉంచండి. "ఇది బావుంది" అన్న దాన్ని పక్కన పెట్టి, కాసేపు ఇతర విషయాలు మాట్లాడి, మళ్లీ మూడూ ఇవ్వండి. రెండోసారీ దాన్నే ఎంచుకుంటే ఆ సైజు ఖాయం చేసుకోవచ్చు.

అభిరుచిని ఎంతవరకు మన్నించాలి

సాధారణ వేట పనికి బ్లేడు 90 నుంచి 110 మి.మీ. పొడవు, పిడి దగ్గర వీపు 3 నుంచి 3.5 మి.మీ. మందం, సాన పట్టక ముందు అంచు వెనక 0.3 నుంచి 0.5 మి.మీ. మందం ఉండాలి. అంచు కోణం ఒక్కో వైపు 18 నుంచి 20 డిగ్రీలు. వీటిలో అంచు వెనక మందాన్ని మాత్రం ఎవరి మాట విన్నా మార్చకండి. కొనేవాళ్లకు అది కనిపించదు, దాని గురించి అడగరు కూడా. కత్తి బాగా కోస్తుందని పేరొచ్చేది మాత్రం దానివల్లే.

మందమైన వీపు కోరేవాళ్లు ఎక్కువ. 6 మి.మీ. ఉక్కు చేతికి గట్టిగా అనిపిస్తుంది. కానీ అదే వెడల్పు బ్లేడులో వాలు నిటారుగా మారి, కోసేటప్పుడు చీలికలా అడ్డుపడుతుంది. కీళ్ల మధ్య దూరదు, మొన బండబారుతుంది, బరువు పెరుగుతుంది. అడిగినవాడికి 4 మి.మీ. దగ్గర రాజీ చెప్పి, వీపు మొనవైపు వెళ్లేకొద్దీ సన్నబడేలా చేయండి. చేతిలో గట్టిదనం మిగులుతుంది, మొన పని చేస్తుంది.

వీపు మీద రంపప్పళ్లు వేట కత్తికి నష్టమే చేస్తాయి. కడుపు లోపల పనిచేసేటప్పుడు అవి పొరల్ని చింపుతాయి, వీపు మీద బొటనవేలు ఆనించనివ్వవు. దీన్ని మర్యాదగా కాదనొచ్చు. వేళ్ల గుంటలు అంత చెడ్డవి కావు, కానీ అవి ఒక్క చేతికే, ఒక్క పట్టుకే సరిపోతాయి. తోలు ఒలిచేటప్పుడు కత్తిని తిప్పి పట్టుకోవాలి, అప్పుడు గుంటల మధ్య గట్లు వేళ్లకు గుచ్చుకుంటాయి. చూపుడు వేలికి ఒక్క గుంట ఇచ్చి మిగతాది చదునుగా వదిలితే దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఆ ఒక్క గుంటే రక్తంలో తడిసిన చేయి ముందుకు జారి అంచు మీద పడకుండా ఆపుతుంది కూడా.

మొన దగ్గర వీపులో పెట్టే, కడుపు చీల్చే కొక్కెం విషయంలో కొనేవాళ్లు రెండుగా చీలిపోతారు. అలవాటున్నవాళ్లు అది లేకుండా కొనరు, లేనివాళ్లు దాన్ని చూడగానే కత్తి పక్కన పెడతారు. దాని లోపలి వంపుకు మామూలు సానరాయి పనికిరాదు, సన్నని గుండ్రటి రాడ్డు కావాలి. కాబట్టి అడిగినవాళ్లకు చేసివ్వండి, ముందే చేసి నిల్వ ఉంచకండి.

మొన ఆకారం తేల్చుకోలేని కొనుగోలుదారుకు డ్రాప్ పాయింట్ చెప్పండి. అమెరికన్ తయారీదారు బాబ్ లవ్‌లెస్ (1929–2010) దీన్ని వేట కత్తుల్లో స్థిరపరిచాడు. వీపు మొనవైపు మెల్లగా కిందికి వాలుతుంది కాబట్టి మొన చేతి అదుపులో ఉంటుంది, లోపలి అవయవాలకు తగిలి వాటిని చీల్చదు. పైకి తిరిగిన మొన తోలు ఒలవడానికే పనిచేసేవాళ్లకు నచ్చుతుంది. వంపు ఎక్కువ కాబట్టి ఒక్క లాగుకే ఎక్కువ దూరం కోస్తుంది.

ఉక్కు పేర్ల మోజు ఇంకో సంగతి. 2021లో లోహ శాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన మాగ్నాకట్ అనే ఉక్కు వచ్చాక చాలామంది దాన్నే అడుగుతున్నారు. అది నిజంగా మంచి ఉక్కు: తుప్పు పట్టడం తక్కువ, గట్టిదనం ఎక్కువ. కానీ దానికి 1100 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి, ఆ వేడి కచ్చితంగా నిలిపే ఫర్నేసు కావాలి. అది లేకుండా చేసిన మాగ్నాకట్ కన్నా చక్కగా చేసిన 1084 (సాదా కార్బన్ ఉక్కు) మేలు. సాన ఎవరు పడతారన్న ప్రశ్నకు వచ్చిన జవాబే ఇక్కడ దారి చూపుతుంది. మామూలు రాయి మీద తానే పట్టుకునేవాడికి, కత్తిని తుడిచి నూనె రాసే అలవాటున్నవాడికి 1084 గానీ 52100 గానీ (రెండూ తుప్పు పట్టే ఉక్కులే) ఇవ్వండి. తడి కత్తిని ఒరలో దూర్చేవాడికి స్టెయిన్‌లెస్ ఉక్కులైన ఏఈబీ-ఎల్ లేదా సీపీఎం 154. డీ2 ఉక్కులో దాదాపు 12 శాతం క్రోమియం ఉన్నా అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, మచ్చలు పడుతుంది. స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్మితే మాట పోతుంది. 1084ను 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు టెంపర్ చేస్తే (పెళుసు తగ్గేలా మళ్లీ వేడి చేస్తే) కాఠిన్యం సుమారు 60 రాక్‌వెల్ సీ దగ్గర ఉంటుంది. యంత్రంతో కొలవకపోతే "కొలిచాం" అనకండి, టెంపరింగ్ వేడి మాత్రం రాయండి.

డమాస్కస్ అందం కోసం అడిగేది, అందులో తప్పేం లేదు. 1084నూ, నికెల్ ఉన్న 15ఎన్20 ఉక్కునూ కలిపి చేసినది యాసిడ్‌లో ముంచితే నికెల్ ఉన్న పొర మెరుస్తుంది, మిగతాది నల్లబడుతుంది. అది ఒకే ఉక్కుతో చేసిన మంచి బ్లేడు కన్నా బాగా కోయదనీ, తుప్పు పట్టే గుణం ఉందనీ, వాడేకొద్దీ గీతలు మసకబారుతాయనీ ముందే చెప్పండి. విన్నాక కూడా కావాలన్నవాడికి సంతోషంగా చేయండి.

పిడి దగ్గర అభిరుచికి పూర్తి స్వేచ్ఛ ఇవ్వొచ్చు, కొన్ని జాగ్రత్తలతో. మామూలు చెక్క పొడి ప్రాంతానికి వెళ్లాక కుంచించుకుపోయి, టాంగ్ (పిడిలోకి వెళ్లే ఉక్కు భాగం) అంచు వేలికి తగిలేలా పైకి తేలుతుంది. అందుకే రెసిన్ ఎక్కించిన చెక్క వాడాలి. సహజంగా నూనె ఎక్కువున్న చెక్కల్లోకి రెసిన్ ఎక్కదు. వాటిని అతికించే ముందు ఎసిటోన్‌తో తుడవకపోతే ఎపాక్సీ జిగురు ఊడుతుంది. మైకార్టా (రెసిన్‌తో గట్టిపరిచిన గుడ్డ పొరలు) తడిలో ఇంకా బాగా పట్టు ఇస్తుంది, అయితే 400 గ్రిట్ దగ్గర ఆపాలి. అద్దంలా మెరిసేలా పాలిష్ చేస్తే ఆ గుణం పోతుంది. సంధ్యవేళ ఆకుల్లో కత్తి పోగొట్టుకున్నానని చెప్పినవాడికి నారింజ రంగు జీ10 (గాజునార, రెసిన్ కలిపిన పలక) చూపించండి, ఫొటోలో నచ్చకపోయినా కారణం చెబితే ఒప్పుకుంటాడు. దంతం జోలికి పోకండి. రోజ్‌వుడ్ వాడితే ఇంకో సంగతి: డాల్బెర్జియా జాతి మొత్తం 2017 నుంచి సైటిస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం జాబితాలో ఉంది. దేశం దాటించే ముందు పంపే వైపు, అందుకునే వైపు ఇప్పటి నిబంధనలు చూసుకోండి. కొమ్ములూ ఎముకలూ కూడా అంతే.

ఒక కోరికను ఒప్పుకోవాలా వద్దా అని తేలనప్పుడు ఇలా ఆలోచించండి: ఈ మనిషి చివర్లో వద్దంటే ఈ కత్తిని ఇంకొకరు కొంటారా? కొంటారనిపిస్తే అడ్వాన్సు లేకుండానే మొదలుపెట్టొచ్చు. కొనరనిపిస్తే ధరలో సగం ముందే తీసుకోండి. వింత ఆకారం, పట్టుబట్టి బ్లేడు మీదే పేరు చెక్కించుకోవడం, చాలా చిన్న లేదా చాలా పెద్ద పిడి రెండో కోవలోకి వస్తాయి.

రాసుకోవడం

ఫోనులో ఎంత మాట్లాడినా చివరికి రాతలో పెట్టండి. ఇలా సరిపోతుంది:

"నమస్కారమండీ. మనం అనుకున్నవి ఇవి. బ్లేడు 100 మి.మీ., డ్రాప్ పాయింట్, 52100 ఉక్కు, పిడి దగ్గర మందం 3.2 మి.మీ. పిడి 105 మి.మీ., ఆకుపచ్చ మైకార్టా, చూపుడు వేలికి ఒక గుంట. కుడి వైపు కట్టుకునే నిలువు తోలు ఒర. పని మొదలయ్యాక ఆరు వారాలు పడుతుంది. ఉక్కు కోసే ముందు గీసిన బొమ్మ పంపిస్తాను. మీరు సరేనన్నాక కొలతలు మారవు. కత్తి చేరిన ఏడు రోజుల్లో, వాడకుండా ఉంటే, తిప్పి పంపొచ్చు."

గీసిన బొమ్మను అసలు సైజులో ముద్రించి, అట్టకు అతికించి, కత్తిరించి చేత్తో పట్టుకుని చూడమనండి. తెర మీద 130 మి.మీ. బ్లేడు కోరినవాళ్లు అట్ట ముక్క పట్టుకోగానే 100కు దిగడం మామూలే.

ధర

గంట కూలిని కొలమానంగా పెట్టుకుంటే ఏ డబ్బులోనైనా లెక్క తేలిక. గీసి కోయడం ఒకటిన్నర గంట, వాలు పట్టడం 3, హీట్ ట్రీట్‌మెంట్ దగ్గర నిలబడే పని 1, చేతి పాలిష్ 3, పిడి 3.5, ఒర 3, పదును, పరీక్షలు కలిపి 1. మొత్తం 16. ఫొటోలు, సందేశాలు, ప్యాకింగ్ 2.5. చాలామంది మరిచిపోయేది ఈ రెండున్నరే. ఉక్కు, చెక్క, తోలు, ఎపాక్సీ, అరిగిపోయే సాన బెల్టులు అన్నీ కలిపి 4 గంటల కూలికి సమానం అనుకుందాం. ఇప్పటికి 22.5. చల్లార్చేటప్పుడు వంగేవీ పగిలేవీ ఉంటాయి కాబట్టి పదో వంతు కలపండి, దాదాపు 25 అవుతుంది.

ఈ ధరలో మూడో వంతు డీలరుకు వదిలితే మీ చేతికి పదహారున్నర వస్తుంది. సామాను ఖర్చు తీసేస్తే పన్నెండున్నర. అంటే పద్దెనిమిదిన్నర గంటలు పనిచేసి ఆరు గంటలు ఊరికే ఇచ్చినట్టు. డీలరు ద్వారా అమ్మాలనుకుంటే మొదటి నుంచీ ధర అందుకు తగ్గట్టు ఉండాలి. అదే కత్తిని మీరు నేరుగా తక్కువకు అమ్మితే ఆ డీలరు మళ్లీ మీ వైపు చూడడు. బేరమాడేవాళ్లకు ధర తగ్గించకుండా పని తగ్గించండి: తోలు ఒరకు బదులు కైడెక్స్ అనే ప్లాస్టిక్ ఒర, చేతి పాలిష్‌కు బదులు స్టోన్‌వాష్ (చిన్న రాళ్లతో కలిపి దొర్లించడం). ఏది తగ్గితే ఎంత తగ్గుతుందో కళ్ల ముందుంటే మాట పెరగదు.

పరీక్ష, ఫొటో, పంపడం

పంపే ముందు 6 మి.మీ. ఇత్తడి కడ్డీ మీద అంచును సాన కోణంలో ఆనించి మెల్లగా నొక్కి జరపండి. అంచు కొద్దిగా వంగి తిరిగొస్తే సరి. వంగి ఉండిపోతే మెత్తగా ఉందన్నమాట. పెచ్చు ఊడితే పెళుసు, పది పదిహేను డిగ్రీలు పెంచి మళ్లీ టెంపర్ చేయాలి. తర్వాత తాడు కోసి, మళ్లీ కాగితం తెంపి చూడండి.

ఫొటోకు నేరుగా ఎండ పనికిరాదు. నీడలో, లేదా తెల్లటి పల్చని గుడ్డలోంచి వచ్చే వెలుతురులో పెట్టి, మెరిసే బ్లేడుకు ఎదురుగా తెల్ల అట్ట పట్టుకోండి. లేకపోతే బ్లేడులో మీ చొక్కా, కెమెరా కనిపిస్తాయి. రెండు వైపులూ, వీపు పైనుంచి, పిడి వెనక నుంచి, గార్డు అతుకు దగ్గరగా, చేతిలో పట్టుకున్నది, ఒరలో పెట్టినది. వీపు ఫొటో పెట్టని అమ్మకందారును తెలిసినవాళ్లు నమ్మరు, వంకర కనిపించేది అక్కడే. వివరంలో మొత్తం పొడవు, బ్లేడు పొడవు, మందం, గ్రాముల్లో బరువు, ఉక్కు, పిడి సామగ్రి రాయండి. ఏదైనా చిన్న లోపముంటే దాని ఫొటో కూడా పెట్టండి.

ఒప్పుకునే ముందే కొనేవాడి వయసు, అక్కడ అలాంటి కత్తి కొనడానికీ నడుముకు కట్టుకోవడానికీ ఉన్న చట్టం, కొరియర్ నిబంధనలు సరిచూసుకోండి. పెట్టెలో కత్తిని ఒరలో పెట్టి పంపకండి. తోలు తేమను పీల్చి బ్లేడు మీద మచ్చలు తెస్తుంది, ఇత్తడి గార్డును పచ్చబరుస్తుంది. బ్లేడుకు పల్చగా మినరల్ ఆయిల్ రాసి, మైనపు కాగితం చుట్టి, రెండు మడతల గట్టి అట్టలో దూర్చి టేపు వేయండి. మొన దగ్గర అట్ట మూడో మడత ఉండాలి. ఒరను విడిగా పెట్టండి. వాడనప్పుడు కత్తిని ఒరలో దాచవద్దని ఒక చీటీ రాసి జత చేయండి.

తర్వాత

పిడి వదులైనా, అంచు మామూలు పనిలో పెచ్చులూడినా బాధ్యత మీది. మూతలు పెళ్లగించి మొన విరిస్తే కాదు. ఇది ముందే రాసి ఇవ్వండి. సాన పట్టి ఇస్తామని చెప్పడం మంచి పద్ధతి, పంపే ఖర్చు వాళ్లది. అలా తిరిగొచ్చే కత్తులు మీకు దొరికే అసలు సమాచారం.

అభిరుచుల లెక్క కూడా రాసుకోండి. ఒక వైపు అడిగినవి, ఇంకో వైపు డబ్బిచ్చి కొన్నవి. మెచ్చుకోలు ఏ వైపూ రాయకండి. ప్రదర్శనలో బల్ల మీద మూడు కత్తులు పెడితే బ్లేడు ఒకటే ఉంచి పిడులు మాత్రం మార్చండి, అప్పుడే ఏది లాగిందో తెలుస్తుంది. ఎవరైనా రెండోసారి తిరిగొచ్చి చేతిలోకి తీసుకున్నది గుర్తు పెట్టుకోండి. మొదటిసారి తీసేది రంగు చూసి, రెండోసారి తీసేది పట్టు నచ్చి.

సానకు వచ్చిన కత్తిని కడిగే ముందే పరిశీలించండి. మొన దగ్గరే అరిగితే ఆ మనిషి చిన్న పనికే వాడుతున్నాడు, తర్వాతి కత్తి 10 మి.మీ. పొట్టిగా చేయొచ్చు. వంపు మీద పెచ్చులుంటే ఎముక మీద వాడాడు, కోణం ఒక్కో వైపు 2 డిగ్రీలు పెంచి ఇవ్వండి. పిడి ముందు భాగం మాత్రమే మరకపడి వెనక కొత్తగా ఉంటే, అతనికి చేసిన పిడి పొడవైపోయింది.